లారీ కూలెంటు పూర్తిగా దించి కొత్తది పోయడం: బోరు నీళ్లు, గాలి బుడగలు, థర్మోస్టాట్ గురించి

గాజులమండ్యం 10టైర్:
అన్నలకు నమస్కారం. బండి 10 చక్రాలది, బీఎస్ 6, ఆరు సిలిండర్లు. గ్రానైట్ లోడు, రేణిగుంట నుంచి చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగళూరు లైను. కూలెంటు మొత్తం 26 లీటర్లని మాన్యువల్‌లో ఉంది. ఎండలు ముదిరేలోపు పాతది దించేసి కొత్తది పోయాల. నాకు మూడు సంగతులు కావాల. రేడియేటర్ కాక్ ఒక్కటి తిప్పితే మొత్తం దిగుతుందా? కడగడానికి, కలపడానికి బోరు నీళ్లు సరిపోతాయా? కలిపి అమ్మే కూలెంటు మేలా, చిక్కటిది తెచ్చి మనమే కలుపుకోవడం మేలా? పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పండినా.

చిత్తూరు రేడియేటర్ షాపు:
మొదటి ప్రశ్నకు నేను చెప్తా తమ్ముడూ. కాక్ ఒక్కటి తిప్పితే మొత్తం దిగదు. రేడియేటర్‌లో ఉండేది, దానికంటే పైనున్న పైపుల్లోది మాత్రమే వస్తుంది. ఇంజను బ్లాకులో లైనర్ల (పిస్టన్లు ఆడే లోహపు గొట్టాల) చుట్టూ ఉన్నది, ఆయిల్ కూలర్‌లోది, ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచేది) లోపలిది అట్లే ఉండిపోతుంది. అడుగున చేరిన తుప్పు, బురద కూడా అక్కడే ఉంటుంది. కాబట్టి బ్లాకు పక్కన ఉండే డ్రైన్ ప్లగ్గు కూడా విప్పాల్సిందే. అది ఎక్కడుందో ఇంజన్ను బట్టి మారుతుంది. మాన్యువల్ బొమ్మ చూసుకుని పని మొదలుపెట్టు.

బండి సమతలం మీద ఉండాల, చక్రాలకు అడ్డు పెట్టుకోవాల. ఇంజను 50 డిగ్రీల కంటే కిందికి చల్లారేదాకా మూత జోలికి పోవద్దు. రాత్రంతా నిలిపి పొద్దున్నే చేసుకుంటే అన్నిటికంటే మంచిది. మూత లోపల ఒత్తిడి ఉన్నంతసేపే లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తెరిచిన క్షణంలో ఒత్తిడి పోయి అవన్నీ ఒక్కసారి ఆవిరై పైకి చిమ్ముతాయి. ముఖం, చేతులు కాలేది అప్పుడే. చల్లారిన తర్వాత కూడా మందమైన గుడ్డ వేసి ముందు కొంచెం తిప్పి, గాలి పోయినాక పూర్తిగా తీయాల.

కింద వెడల్పాటి తొట్టి పెట్టు. ముందు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (కూలెంటు పోసే, మట్టం చూసే ట్యాంకు) మూత తీసి, తర్వాత కాక్ తిప్పు. మూత తీయకపోతే లోపలికి గాలి పోయే దారి ఉండదు, ధార చుక్కలు చుక్కలుగా వస్తుంది. క్యాబిన్‌లో హీటర్ ఉంటే దాని మీట పూర్తిగా వేడి వైపు తిప్పి ఉంచు, లేకుంటే ఆ కాయిల్‌లోది దిగదు. రేడియేటర్ కాక్ ప్లాస్టిక్‌ది అయితే స్పానర్ పెట్టొద్దు. చేత్తో విప్పి, చేత్తోనే బిగించాల. లోపలి ఓ-రింగు గట్టిపడి ఉంటే ఆ పూటే మార్చేయి.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. దించినదాన్ని కొలవాల. 26 లీటర్ల బండిలో 17 లీటర్లే దిగితే తక్కిన 9 లీటర్లు లోపలే ఉన్నట్టు. కొత్తది ఎంత పోయాలనే లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది.

టీడీఎస్ మీటర్:
రెండో ప్రశ్న, బోరు నీళ్లు. వద్దు. మన చిత్తూరు వైపు చాలా బోర్ల నీళ్లు గట్టివి. నీళ్లు కాచే గిన్నెకు, గీజరు కాయిల్‌కు పట్టే తెల్లటి పొర అందరం చూసేదే. అదే పొర ఇంజను లోపల కూడా పడుతుంది, పైగా అన్నిటికంటే వేడిగా ఉండే చోటే ముందు పడుతుంది. చక్కెర వేడి నీళ్లలో బాగా కరుగుతుంది. సున్నపు లవణాలు దానికి ఎదురు, వేడి పెరిగేకొద్దీ విడిపోయి గోడకు అంటుకుంటాయి. అందుకే రేడియేటర్ కంటే ముందు సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల మధ్య, లైనర్ల పైభాగంలో పేరుకుంటుంది. ఆ పొర ఇనుము కంటే చాలా తక్కువగా వేడిని వదులుతుంది. రేడియేటర్ కొత్తది వేసినా బండి వేడెక్కుతూనే ఉందంటే ఒక కారణం ఇదే.

పెద్ద ఇంజన్ల తయారీదార్లు కలిపే నీటికి సాధారణంగా ఇచ్చే హద్దులు: కాఠిన్యం (నీళ్ల గట్టిదనం) లీటరుకు 170 మిల్లీగ్రాములు మించకూడదు, క్లోరైడ్ 40, సల్ఫేట్ 100, మొత్తం కరిగిన పదార్థం 340, పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య. టీడీఎస్ మీటర్ చూపించేది మొత్తం కరిగినది మాత్రమే, కాఠిన్యం వేరుగా చూపదు. అయినా మీటర్ 800, 1000 చూపిస్తే ఆ నీళ్లు పక్కన పెట్టడానికి అది చాలు.

లెక్క చూడండి. కాఠిన్యం 600 ఉన్న నీళ్లు 26 లీటర్లు ఒక్కసారి పోస్తే లోపలికి పోయే సున్నం 15 గ్రాములకు కొంచెం పైన. ఇది పెద్దది కాదు అనిపిస్తుంది. కానీ ఎక్కడో సన్నగా కారుతున్న బండికి రోజూ రెండు లీటర్లు అదే నీళ్లు పోస్తూ 300 రోజులు నడిపితే 600 లీటర్లు, అంటే 360 గ్రాములు. నీళ్లు కారిపోతాయి, ఆవిరైపోతాయి. అంటుకున్న సున్నం లోపలే ఉంటుంది. కాబట్టి మొదట పోసే నీళ్ల కంటే రోజూ పోసే నీళ్లే ఎక్కువ చెరుపు. కారేచోటు మూయకుండా కూలెంటు మార్చడం దండగ.

కలపడానికి డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు) లేదా డిస్టిల్డ్ వాటర్ వాడండి. బ్యాటరీ షాపుల్లో క్యాన్లలో దొరికేదే. లేబుల్ మీద యాసిడ్ కలిపినది కాదని చూసుకోండి. దారిలో అత్యవసరమైతే తాగే ఆర్‌ఓ నీళ్లు పోసి ఊరు చేరండి.

గాజులమండ్యం 10టైర్:
కడగడానికి కూడా డీఎం వాటరే అంటే ఖర్చు ఎక్కువ కదన్నా?

టీడీఎస్ మీటర్:
ముందు రెండు సార్లు ఆర్‌ఓ నీళ్లతో కడగండి, ఆఖరిసారి మాత్రం డీఎం వాటర్. కారణం ఏమంటే ఆఖరిసారి కడిగిన నీళ్లలో కొంత లోపలే మిగిలి కొత్త కూలెంటుతో కలుస్తుంది.

మొగిలి ఘాట్:
కడిగే పద్ధతి గురించి. ప్లగ్గులు బిగించి, నీళ్లు నింపి, ఇంజను స్టార్ట్ చేసి థర్మోస్టాట్ (వేడెక్కినాక రేడియేటర్ దారి తెరిచే వాల్వు) తెరుచుకునేదాకా నడపాలి. పై హోస్ పైపు చేతికి ఒక్కసారిగా వేడి తగిలితే తెరుచుకుందని అర్థం. ఆ తర్వాత 10 నిమిషాలు నడిపి, ఆపి, చల్లారనిచ్చి దించాలి. చల్లని ఇంజన్‌లో నీళ్లు పోసి వెంటనే దించితే రేడియేటర్ మాత్రమే కడిగినట్టు, బ్లాకు వైపు నీళ్లు పోనే పోవు. దిగే నీళ్లు తేటగా వచ్చేదాకా ఇట్లా చేయాలి, మామూలుగా రెండు మూడు సార్లు పడుతుంది. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు మాత్రం పోయకూడదు. హెడ్డు పగిలేది ఆ తొందరతోనే.

ఎర్రటి తుప్పు, తెల్లటి పొర ఎక్కువగా ఉంటే రేడియేటర్ ఫ్లష్ మందు వాడొచ్చు, డబ్బా మీద అల్యూమినియానికి పనికొస్తుందని రాసి ఉండాలి. ఇప్పటి బండ్లలో ఎక్కువ శాతం రేడియేటర్లు అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకులు. వాటిలో కాస్టిక్ సోడా పోస్తే అల్యూమినియాన్ని అది తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. బాత్రూము కడిగే యాసిడ్ అంతకంటే చెరుపు, క్లోరైడ్ మూలమూలలా మిగిలి చిల్లులు పెడుతుంది. పాత ఇత్తడి రేడియేటర్లు కాస్టిక్‌ను కొంత ఓర్చుకునేవి. ఆ అలవాటు ఈ బండ్లకు పనికిరాదు.

దించినదానిలో నూనె తేలుతూ ఉంటే ఫ్లష్ మందు పనిచేయదు. నురగ రాని డిటర్జెంట్ రకం క్లీనర్‌తో కడగాలి. దానికంటే ముందు నూనె ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోవాలి. రబ్బరు హోసులు నూనె తగిలి ఉబ్బి ఉంటే వాటిని కూడా మార్చాలి.

ఇంకో మాట. కారుతున్న రేడియేటర్‌లో పసుపు పొడి వేయడం మన దారుల్లో మామూలు. సన్నటి చిల్లుకు పసుపు ఉబ్బి అడ్డుపడేది నిజమే. కానీ అది చిల్లు ఏది, ట్యూబు ఏది అని చూసుకోదు. రేడియేటర్ ట్యూబుల్లో, ఆయిల్ కూలర్ సందుల్లో, సన్నటి గాలి పైపుల్లో కూడా ముద్ద కడుతుంది. దారిలో వేయాల్సి వస్తే ఊరు చేరిన రోజే రేడియేటర్ విప్పి కడిగించాలి, పసుపు మీద కొత్త కూలెంటు పోయకూడదు.

పూతలపట్టు వర్క్‌షాపు:
మూడో ప్రశ్న, కలిపినదా చిక్కటిదా. ఇది లెక్క మీద తేలేది.

కడిగిన తర్వాత బ్లాకులో, కూలర్లలో 4 లీటర్ల నీళ్లు మిగిలాయి అనుకుందాం. 26 లీటర్లకు సగం సగం కావాలంటే 13 లీటర్ల చిక్కటి కూలెంటు లోపలికి పోవాల. కలిపి అమ్మేది పోస్తే పట్టేది 22 లీటర్లే, అందులో చిక్కటిది 11 లీటర్లు. 26లో 11 అంటే 42 శాతం. సగానికి తగ్గిపోయింది. చిక్కటిది తెస్తే ముందు 13 లీటర్లు అదే పోసి, పైన 9 లీటర్లు డీఎం వాటర్ పోస్తే మిగిలిన 4తో కలిసి లెక్క సరిపోతుంది. కాబట్టి కడిగి మార్చేటప్పుడు చిక్కటిది, తర్వాత రోజుల్లో తగ్గినప్పుడు పోసుకోవడానికి కలిపినది. కలిపిన దానికి మళ్లీ నీళ్లు కలపొద్దు. క్యాన్ మీద చూసి కొనాల, రెండూ ఒకే రంగులో, ఒకే రకం క్యాన్లలో వస్తాయి.

తర్వాత రిఫ్రాక్టోమీటర్ (చుక్క వేసి కూలెంటు శాతం చూసే పరికరం) పెట్టి చూసుకో. ముందు డీఎం వాటర్ చుక్క వేసి సున్నా సరిచేసి, ఇథిలీన్ గ్లైకాల్ (కూలెంటులో ఉండే ముఖ్య ద్రవం) గీత మీద చదవాల. గడ్డకట్టే హద్దు మైనస్ 37 డిగ్రీల దగ్గర పడితే 50 శాతం. మైనస్ 24 అయితే సుమారు 40 శాతం. మన ఊర్లో గడ్డకట్టే చలి లేదు గదా, ఈ అంకె ఎందుకు అనుకోవద్దు. శాతం తెలుసుకోడానికి అదే గుర్తు, తుప్పు పట్టకుండా కాపాడే మందు ఎంతుందనేది శాతాన్ని బట్టే ఉంటుంది.

40 శాతం వచ్చిందనుకో, 26 లీటర్ల బండిలో 4.3 లీటర్లు దించి అంతే చిక్కటిది పోస్తే 50కి వస్తుంది.

పీలేరు టమోటా లోడు:
మన ఎండలకు నీళ్లు తక్కువ, కూలెంటు ఎక్కువ పోస్తే ఇంకా మంచిది కదా? 70 శాతం పోయొచ్చా?

పూతలపట్టు వర్క్‌షాపు:
వద్దు తమ్ముడూ. వేడిని మోసుకుపోయే గుణం నీళ్లది, గ్లైకాల్‌కు తక్కువ. చిక్కదనం పెరిగేకొద్దీ పారడం కూడా మందగిస్తుంది. మరిగే హద్దు కొంచెం పెరుగుతుంది గానీ ఇంజన్ మాత్రం ఎక్కువ వేడి మీద నడుస్తుంది. 60 దాటితే లాభం లేదు. మరిగే హద్దును ఎక్కువగా పెంచేది మూత. సగం సగం కలిపినది మూత లేకుండా 107, 108 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 15 పీఎస్ఐ మూత సరిగ్గా పట్టి ఉంటే దాదాపు 129 దాకా మరగదు. పలమనేరు సముద్రమట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తు, అక్కడ మూత లేని వట్టి నీళ్లు 98 డిగ్రీలు దాటకుండానే మరుగుతాయి. వట్టి నీళ్లు, పాడైన మూత పెట్టుకుని మొగిలి ఘాట్ ఎక్కే బండి పైన చేరేసరికి ఎందుకు ఉడుకుతుందో ఇక్కడే ఉంది.

చిత్తూరు రేడియేటర్ షాపు:
మూత మాట వచ్చింది కాబట్టి. మూతలో రెండు వాల్వులు ఉంటాయి. పెద్దది ఒత్తిడి పెరిగితే తెరుచుకునేది. మధ్యలో ఉండే చిన్నది ఇంజను చల్లారేటప్పుడు గాలిని గానీ కూలెంటును గానీ లోపలికి రానిచ్చేది. పొద్దున బానెట్ తీస్తే పై హోస్ పైపు చప్పిడిగా లోపలికి పీల్చుకుపోయి ఉందంటే ఆ చిన్న వాల్వు ఇరుక్కుంది. రబ్బరు వాషరు గట్టిపడినా, పగుళ్లు వచ్చినా కూలెంటు మార్చే రోజే మూత కూడా మార్చాల. కొత్త మూత మీద అంకె పాత మూత మీద ఉన్నదే ఉండాల. ఎక్కువ అంకె మూత వేస్తే మరగదులే అని వేస్తే హోసులు, ప్లాస్టిక్ ట్యాంకు అతుకులు తట్టుకోలేవు.

హోసులు చేత్తో నొక్కి చూడు. మెత్తగా బురద మాదిరి అణిగినా, రాయిలాగ గట్టిపడినా, క్లిప్పు దగ్గర ఉబ్బినా మార్చేయాల. కింది హోస్ లోపల తీగ స్ప్రింగు ఉండే బండ్లున్నాయి, అది వాటర్ పంపు పీల్చేటప్పుడు పైపు అణిగిపోకుండా కాపాడుతుంది. తుప్పు పట్టిందని తీసేసి వట్టి పైపు బిగిస్తే ఖాళీగా నిలబడినప్పుడు బాగుంటుంది, లోడుతో ఆర్‌పీఎం పెరిగితే ఉడుకుతుంది.

బీఎస్6 ల్యాప్‌టాప్:
నింపే పద్ధతి ఎవరూ ఇంకా రాయలేదు. చాలా బండ్లు కూలెంటు మార్చిన తర్వాతే వేడెక్కడం మొదలుపెట్టేది ఇక్కడే, లోపల చిక్కుకున్న గాలి వల్ల.

బ్లాకు ప్లగ్గుకు కొత్త రాగి వాషరు వేసి బిగించండి. ఇంజను పైన, ఈజీఆర్ కూలర్ పైన, కొన్ని బండ్లలో థర్మోస్టాట్ హౌసింగ్ మీద గాలి వదిలే స్క్రూలు లేదా కాక్‌లు ఉంటాయి. అన్నీ తెరిచి పెట్టాలి. రేడియేటర్ పైభాగం నుంచి, ఇంజను పైభాగం నుంచి ఎక్స్‌పాన్షన్ ట్యాంకుకు వెళ్లే సన్నటి పైపులు చూడండి. అవి గాలి బయటికి వచ్చే దారులు. తుప్పుతోనో, పసుపుతోనో మూసుకుపోయి ఉంటే ఎంత జాగ్రత్తగా పోసినా గాలి లోపలే ఉంటుంది. పైపు ఊడదీసి ఊది చూస్తే అర నిమిషంలో తెలిసిపోతుంది.

ట్యాంకు నోటి నుంచి మెల్లగా పోయాలి, నిమిషానికి 10 లీటర్ల కంటే వేగంగా వద్దు. నెమ్మదిగా పోసినప్పుడే గాలి పక్క నుంచి పైకి వస్తుంది. ఒక్కో స్క్రూ దగ్గర బుడగలు లేకుండా ధార వచ్చిన తర్వాత దాన్ని మూయాలి, కింద ఉన్నది ముందు, పైన ఉన్నది చివర. మధ్యమధ్యలో హోస్ పైపులను చేత్తో నొక్కి వదిలితే బుడగలు కదులుతాయి. గరిష్ఠ గుర్తు దాకా పోసి ఐదు నిమిషాలు ఆగితే మట్టం మళ్లీ దిగుతుంది, అంత పోయాలి.

ఇప్పుడు మూత పెట్టకుండా స్టార్ట్ చేసి ఐడిల్ మీద ఐదు నిమిషాలు. మట్టం తగ్గుతుంటే పోస్తూ ఉండాలి, వేడి పెరగకముందే మూత బిగించాలి. తర్వాత 1500 ఆర్‌పీఎం దగ్గర పెట్టి థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఉంచాలి. క్యాబిన్ హీటర్ ఉంటే వేడి వైపు పెట్టి చూడండి, ఇంజను వేడెక్కినా హీటర్ చల్లటి గాలే వదులుతుంటే అక్కడ గాలి అడ్డుపడింది. ఆపి, పూర్తిగా చల్లారిన తర్వాత మళ్లీ మట్టం చూసి పోయాలి. 26 లీటర్ల బండి రెండోసారి లీటరో, లీటరున్నరో అడగడం సహజం.

మొత్తం లోపలికి పోయింది ఎంత, ముందు దిగింది ఎంత అని పక్కపక్కన రాసి చూసుకోండి. 22 లీటర్లు పట్టాల్సిన చోట 18తోనే గరిష్ఠ గుర్తు వచ్చిందంటే 4 లీటర్ల గాలి లోపల ఉంది. బండి బయటికి తీయొద్దు.

గరిష్ఠ గుర్తు దాటి కూడా పోయకూడదు. 26 లీటర్ల కూలెంటు పూర్తి వేడికి లీటరు దాకా వ్యాకోచిస్తుంది. ట్యాంకులో ఖాళీ లేకుంటే అది మూత నుంచి రోడ్డు మీదకు పోతుంది.

గాజులమండ్యం 10టైర్:
బీఎస్ 6 కాబట్టి వేరే ఏమన్నా చూసుకోవాల్నా అన్నా? డీఈఎఫ్ (పొగలోకి చిమ్మే యూరియా ద్రవం) ట్యాంకు దగ్గరికి కూడా కూలెంటు పైపులు పోతున్నాయి.

బీఎస్6 ల్యాప్‌టాప్:
అవి చలి దేశాల్లో డీఈఎఫ్ గడ్డకట్టకుండా వేడి చేసే పైపులు. డీఈఎఫ్ మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. మన దగ్గర ఆ వాల్వు తెరుచుకునే అవసరం రాదు, ఊడదీయకుంటే దాన్ని కదిలించాల్సిన పని లేదు. చూడాల్సింది సైలెన్సర్ వైపు డీఈఎఫ్ చిమ్మే డోజర్. చాలా బండ్లలో దాన్ని చల్లబరిచేది కూడా ఈ కూలెంటే. ఆ పైపులో గాలి నిలిస్తే డోజర్ ముక్కు కాలి, తెల్లటి స్ఫటికాలు కట్టి మూసుకుపోతుంది. డోజర్ పైపు విప్పి ఉంటే మళ్లీ బిగించేటప్పుడు అందులో కూలెంటు నిండిందని చూసుకోండి.

ఇంకొకటి, ఈజీఆర్ కూలర్. బయట ఎక్కడా చుక్క కారకుండా రోజూ మట్టం తగ్గుతూ, పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ వస్తుంటే ముందు దాన్ని అనుమానించాలి. కూలెంటు పొగ దారిలోకి పోతే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) కూడా పాడవుతుంది, ఖర్చు ఎక్కడికో పోతుంది.

పీలేరు టమోటా లోడు:
ఎండాకాలం థర్మోస్టాట్ పీకేస్తే బండి చల్లగా నడుస్తుందని చెప్తున్నారు. నిజమేనా?

మొగిలి ఘాట్:
కాదు. థర్మోస్టాట్ పని తెరుచుకోవడం ఒక్కటే కాదు. చాలా ఇంజన్లలో అది రేడియేటర్ దారి తెరిచేటప్పుడే, కింది భాగంతో బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీళ్లు సులువైన దారి పట్టి రేడియేటర్‌కు పోకుండా వచ్చిన దారినే ఇంజన్‌లోకి తిరిగిపోతాయి. ఘాట్ మీద లోడుతో ఎక్కువ చల్లదనం కావాల్సిన సమయంలోనే రేడియేటర్‌కు సగం నీళ్లు అందవు. చదును రోడ్డు మీద మాత్రం ఇంజను సరైన వేడికి రాదు. డీజిల్ పూర్తిగా కాలదు, నూనెలో తేమ నిలిచి మడ్డి కడుతుంది, బీఎస్ 6 అయితే డీపీఎఫ్ శుభ్రమయ్యే ప్రక్రియ పూర్తికాదు.

అనుమానముంటే పరీక్షించడం తేలిక. థర్మోస్టాట్‌ను దారంతో కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీయాలి, అడుగు తగలకూడదు. పక్కన థర్మామీటర్. దాని మీద 82 అని ఉంటే 82 దగ్గర తెరుచుకోవడం మొదలై, 95 లోపు పూర్తిగా తెరుచుకోవాలి. చల్లారితే మళ్లీ మూసుకోవాలి. బిగించేటప్పుడు చిన్న పిన్ను కదిలే రంధ్రం ఉంటే అది పైవైపు రావాలి, నింపేటప్పుడు గాలి పోయేది దాని గుండానే.

గాజులమండ్యం 10టైర్:
కూలెంటు ఏ రంగుది కొనాల? ఇప్పుడు లోపల ఉండేది పచ్చది. షాపులో ఎర్రది ఉండాది.

టీడీఎస్ మీటర్:
రంగు చూసి కొనొద్దు. అది కలిపిన రంగు మాత్రమే, పచ్చ, ఎరుపు, నీలం అన్నవి ఏ ప్రమాణాన్నీ చెప్పవు. మాన్యువల్‌లో ఏ ప్రమాణం రాసుందో అది క్యాన్ మీద ఉండాలి. ఏఎస్‌టీఎం డీ3306 కార్లకు, చిన్న బండ్లకు. డీ6210 భారీ డీజిల్ ఇంజన్లకు. జేఐఎస్ కే 2234 అని ఉండేవి కూడా మన షాపుల్లో ఉంటాయి. కారు కూలెంటు చవకగా వచ్చిందని లారీలో పోస్తే ఏం జరుగుతుందో చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు.

లారీ ఇంజన్లలో చాలావాటికి తడి లైనర్లు, అంటే లైనర్ బయటి గోడకు కూలెంటు నేరుగా తగులుతుంది. సిలిండర్‌లో డీజిల్ మండిన ప్రతిసారీ లైనర్ సన్నగా వణుకుతుంది. వణికి గోడ వెనక్కి లాగినప్పుడు అక్కడ ఆవిరి బుడగలు పుడతాయి, మరుక్షణం పగులుతాయి. ఆ దెబ్బలకు గోడ మీద సూది మొన లాంటి గుంటలు పడి, లోతుగా దిగి, చివరికి లైనర్‌కు చిల్లు పడుతుంది. కూలెంటు సిలిండర్‌లోకి, ఇంజన్ ఆయిల్‌లోకి చేరుతుంది. నైట్రైట్, మాలిబ్డేట్ ఉన్న మందులు గానీ, ఓఏటీ రకం సేంద్రీయ ఆమ్లాలు గానీ గోడ మీద పలచటి రక్షణ కట్టి దీన్ని ఆపుతాయి. వట్టి నీళ్లకు ఈ గుణం లేదు. ‘కూలెంటు ఎందుకు, నీళ్లు చాలు’ అనేవాళ్లకు చెప్పాల్సింది చల్లదనం గురించి కాదు, ఈ లైనర్ల గురించి.

పాతదానికి, కొత్తదానికి రకం వేరైతే కలపకండి. కలిస్తే మందుల బలం తగ్గుతుంది, కొన్నిసార్లు జిగురుముద్ద కడుతుంది. రకం మారుస్తుంటే పైన మొగిలి ఘాట్ గారు చెప్పిన కడగడం ఇంకోసారి ఎక్కువ చేయండి.

పూతలపట్టు వర్క్‌షాపు:
మార్చినాక కూడా ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తుంటే అది నింపేటప్పటి గాలి కాకపోవచ్చు. నింపేటప్పటి గాలి అరగంటలో అయిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా బుడగలు పెరుగుతున్నా, స్టార్ట్ చేసిన నిమిషానికే, నీళ్లు వేడెక్కకముందే పై హోస్ గట్టిపడినా హెడ్ గాస్కెట్ దగ్గర నుంచి మంట వాయువు కూలెంటులోకి వస్తోంది. ఎన్నిసార్లు కూలెంటు మార్చినా అది పోదు.

ట్యాంకులో నూనె తేలుతుంటే ముందు ఆయిల్ కూలర్ చూడు. ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి కూలెంటు ఒత్తిడి కంటే ఎక్కువ, కాబట్టి నూనె కూలెంటులోకి వస్తుంది. ఆపినాక ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, కూలెంటు ఒత్తిడి కొంతసేపు ఉంటుంది, అప్పుడు కూలెంటు నూనెలోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన టీ రంగు కనబడితే బండి స్టార్ట్ చేయొద్దు, బేరింగులు పోతాయి.

వాటర్ పంపు బాడీ కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ ఎండిన చార ఉంటే గమనిస్తూ ఉండాల, చుక్కలు పడుతుంటే సీలు పోయింది. కారుతోందని ఆ రంధ్రానికి ఎం-సీల్ పెట్టి మూసేస్తే కూలెంటు బేరింగులోకి పోతుంది.

చిత్తూరు రేడియేటర్ షాపు:
రేడియేటర్ లోపల ఎంత శుభ్రం చేసినా బయట రెక్కల మధ్య దుమ్ముంటే లాభం లేదు. గ్రానైట్ బండికి ఇది ముఖ్యం తమ్ముడూ, ఆ పొడి తడి తగిలితే సిమెంటు మాదిరి గట్టిపడుతుంది. రేడియేటర్‌కు, దాని ముందుండే ఇంటర్‌కూలర్‌కు మధ్య సందులో పేరుకునేది ముందు నుంచి చూస్తే కనబడదు. పై బ్రాకెట్లు వదులు చేసి సందులోకి చూడాల. ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి నీళ్లతో, రెక్కలకు నేరుగా కొట్టాల. కార్లు కడిగే ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగి గాలి దారి పూర్తిగా మూసుకుపోతుంది.

పీలేరు టమోటా లోడు:
దించిన పాత కూలెంటు ఏం చేయాల? మామూలుగా పక్కన మట్టిలో పారబోస్తారు.

టీడీఎస్ మీటర్:
దయచేసి అట్లా చేయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. గుంటలో నిలిస్తే కుక్కలు, ఆవులు, మేకలు నాకుతాయి. లోపలికి పోయింది ఆక్సలేట్‌గా మారి మూత్రపిండాల్లో స్ఫటికాలు కడుతుంది, కొద్ది మోతాదుకే ప్రాణం పోతుంది. పిల్లలకూ అంతే ప్రమాదం. కూల్‌డ్రింకు సీసాల్లో, నీళ్ల సీసాల్లో పోసి పెట్టడం మహా ప్రమాదం. మూతలున్న పాత కూలెంటు క్యాన్లలోనే పోసి, పైన పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఇంజన్ ఆయిల్‌తో కలపొద్దు, కలిస్తే పాత నూనె తీసుకునేవాళ్లు రెండూ వద్దంటారు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న సేకరణదారుకు, లేదా తీసుకునే వర్క్‌షాపుకు ఇవ్వండి. పని అయినాక నేల మీద పడిన చుక్కల మీద కూడా రంపపు పొట్టు చల్లి ఎత్తేయండి.

గాజులమండ్యం 10టైర్:
ఒక్క ఆఖరి సందేహం. ఘాట్ మీద ముల్లు ఎర్రగీత వైపు పోతే వెంటనే ఇంజన్ ఆపాల్నా, నడుస్తూ ఉండనీయాల్నా?

మొగిలి ఘాట్:
కూలెంటు లోపల ఉందా పోయిందా అనేదాన్ని బట్టి. హోసు పగల్లేదు, ఆవిరి చిమ్మడం లేదు, వార్నింగ్ దీపం కూలెంటు మట్టం చూపించడం లేదు అంటే పక్కకు తీసి, న్యూట్రల్‌లో ఐడిల్ కంటే కొంచెం ఎక్కువ ఆర్‌పీఎం మీద ఉంచండి. పంపు, ఫ్యాన్ తిరుగుతూ వేడిని లాగేస్తాయి, మూడు నాలుగు నిమిషాల్లో ముల్లు దిగాలి. వెంటనే ఆపేస్తే పంపు ఆగుతుంది, హెడ్‌లో ఉన్న వేడికి అక్కడి కూలెంటు మరుగుతుంది. హోసు పగిలి కూలెంటు పోయి ఉంటే మాత్రం వెంటనే ఆపాలి. ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోయినా నమ్మొద్దు, సెన్సార్ కూలెంటులో మునగకుండా గాలిలో ఉంటే తక్కువ చూపిస్తుంది.

ఎక్కేటప్పుడు పెద్ద గేరులో ఇంజన్ గుంజుకుంటూ పోకుండా, ఒక గేరు తగ్గించి ఆర్‌పీఎం పచ్చగీతలో ఉంచండి. పంపు, ఫ్యాను ఇంజన్ వేగాన్ని బట్టే తిరుగుతాయి.

గాజులమండ్యం 10టైర్:
అర్థమైందన్నా. చిక్కటిది 13 లీటర్లు, డీఎం వాటర్ 20 లీటర్ల క్యాను, కొత్త మూత, బ్లాకు ప్లగ్గుకు రాగి వాషరు, కాక్‌కు ఓ-రింగు రాసుకున్నా. 20 లీటర్లు సరిపోతుందా?

పూతలపట్టు వర్క్‌షాపు:
సరిపోదు తమ్ముడూ. కలపడానికి 9 లీటర్లు, ఆఖరి కడుగుకు 22 దాకా పడుతుంది. రెండు క్యాన్లు తెచ్చుకో. చిక్కటిది కూడా ఒక లీటరు అదనంగా పెట్టుకో, మిగిలిన డీఎం వాటర్‌తో సగం సగం కలిపి మూత గట్టిగా పెట్టి క్యాబిన్‌లో ఉంచుకుంటే దారిలో పోయడానికి అదే. మొదటి వారం రోజులూ స్టార్ట్ చేయకముందు, చల్లగా ఉన్నప్పుడు మట్టం చూడు. మొదటి రెండు రోజులు కొంచెం దిగి నిలిస్తే మిగిలిన గాలి పోయినట్టు. మూడో రోజు కూడా దిగుతుంటే కారే చోటు వెతకాల. హోస్ క్లిప్పులు కూడా మొదటి ట్రిప్పు తర్వాత, చల్లారినాక ఒకసారి బిగించి చూడు.

గాజులమండ్యం 10టైర్:
సరేనా. రెండు క్యాన్లు చెప్తా.